సాక్షి ఇల్లు

ఏలూరులో ఇక్బాల్ గారి కళ్ళజోళ్ళ షాపుకి వచ్చినవాళ్ళు అద్దాలు బిగించేదాకా నోరు మూసుకుని కూర్చోరు కదా. "అమ్మాయి ఏం చదువుతోందండీ?" అని కదిపేవారు. "ఎండ మీద డాక్టరేట్ చేస్తోందండీ" అనేవారాయన, సగం గర్వంగా, సగం సందేహంగా. "ఎండ మీద చదవడానికేవుందండీ బాబూ! కాస్తుంది, మాడుస్తుంది, పొద్దుగూకితే పోతుంది" అని నవ్వేవారు వాళ్ళు. ఇక్బాల్ గారూ నవ్వేసి ఊరుకునేవారు. చిన్నప్పుడు షాపులో పనికిరాని అద్దాలు ఏరుకుని, మెట్ల మీద ఎండలో పెట్టి కాగితాలు కాల్చిన పిల్ల, పెద్దయ్యాక కూడా ఆ ఎండని వదలదని ఆయన మాత్రం కలగన్నారా?

షాయిస్తా నిజానికి చదివేది ఇళ్ళ గురించి. ఇంట్లోకి వేడి ఏ దారిన వస్తుంది, ఏ దారిన పోతుంది, కప్పు మీద పడ్డ ఎండలో ఎంత లోపలికి దిగుతుంది, ఎంత వెనక్కి మళ్ళుతుంది. ఇదీ ఆ శాస్త్రం. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ, అక్కడే శివరామయ్య గారి దగ్గర పరిశోధన చేసేది. పొద్దున్నే పాసింజరు ఎక్కడం, సాయంత్రం పాసింజరు దిగడం, మధ్యలో ఎండ గురించి లెక్కలు.

శివరామయ్య గారు మెత్తని మనిషి. ప్యూనుని కూడా అండీ అనకుండా పిలవరు. క్లాసులో ఆయన చెప్పే మాటొకటి పిల్లలందరికీ కంఠతా వచ్చు. "మన లెక్కలో, ఊరికే కూర్చున్న మనిషంటే వెలుగుతున్న వంద వాట్ల బల్బండీ. ఒంట్లోంచి అంత వేడి వస్తుంది. గదిలో ఎంతమందుంటే అన్ని బల్బులు వేసుకోండి." పిల్లలు గొల్లున నవ్వేవారు. షాయిస్తా కూడా తన క్లాసులో అదే మాట చెప్పి, అదే నవ్వు తెప్పించేది.

ఇద్దరూ కలిసి ఒక తెల్ల పూత తయారు చేశారు. సిమెంటు రేకుల మీద రెండు వరసలు వేస్తే పడ్డ ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది. ఏసీ కొనలేనివాడికి అదే ఏసీ. ల్యాబులో బ్రహ్మాండంగా రుజువైంది. అయితే ల్యాబులో ఎవరూ కాపురం ఉండరు. మనుషులున్న ఇంటి మీద, నిండు వేసవిలో రుజువు కావాలి. పైగా ఆ జూన్ నెలలో శివరామయ్య గారికి రిటైర్మెంటు. ఆలోపు కొలతలు పూర్తయితే థీసిస్ తర్వాత రాసుకున్నా ఆయన కిందే చెల్లుతుంది. ఆ వేసవి దాటిపోతే కొత్త గైడు, కొత్త రిజిస్ట్రేషను, మళ్ళీ ఓనమాలు. అది 2006. షాయిస్తా చేతిలో ఉన్నది ఆ ఒక్క ఎండాకాలమే.

కొల్లేటికోట శివారు కాలనీలో, పక్కపక్కనే ఉన్న రెండు రేకుల ఇళ్ళు దొరికాయి. ఒకే కొలత, ఒకే ముఖం, ఒకే వయసు రేకులు. ఒకదాంట్లో సుగుణ, ఆమె మొగుడు అబ్బాయిరాజు, వాళ్ళ చంటిపిల్ల. రెండోదాంట్లో హన్నమ్మ ఒక్కతే. మొగుడు ఏనాడో పోయాడు, పిల్లల్లేరు. చేపల చెరువుల మీద మేత కలుపుతూ, కాపలా కాస్తూ బతికిన మనిషి. ఆ ఏడాదే సరస్సుని ఆక్రమించిన చెరువుల గట్లన్నీ తెగ్గొట్టారు. యంత్రాలొచ్చాయి, గట్లు పోయాయి, గట్లతో పాటు హన్నమ్మ పనీ పోయింది. సరస్సుకి మంచిదేనన్నారు. కావచ్చు. హన్నమ్మని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

అందుకేనేమో, కాలేజీ నుంచి వచ్చిన పిల్ల గుమ్మం బయటే నిలబడి "మీ ఇల్లు మా పనికి వాడుకోవచ్చాండీ?" అని అడిగితే హన్నమ్మ తెల్లబోయింది. "నా ఇల్లా? నా ఇంటితో మీకేం పనండీ!" అని చీరకొంగుతో గడప తుడిచి, లోపలికి రమ్మంది.

ఒకదానికి పూత వేయాలి, రెండోదానికి వేయకూడదు. వేయనిది పక్కన లేకపోతే, వేసినది ఎంత చల్లబడిందో చెప్పేదెలా? ఆ సంగతి చెప్పి, ఎవరింటికి వేద్దామని అడిగింది షాయిస్తా. చీట్లు వేద్దామనుకుంది పాపం.

"చీట్లెందుకండీ? దానింట్లో పసిగుడ్డుంది. దానికే వేసెయ్యండి" అంది హన్నమ్మ. "నాదేవుందండీ, మొద్దుబారిన ప్రాణం."

"తొలకరి పడేలోపు మీ కప్పుకి కూడా నేనే దగ్గరుండి వేయిస్తానమ్మా."

"వేయిద్దురుగాని లెండి. ముందు మీ చదువు అవ్వనియ్యండి."

డబ్బాలు బిగించే రోజు వచ్చింది. గంట గంటకీ ఇంట్లో వేడిని దానంతటదే రాసుకునే చిన్న డబ్బా అది, గోడకి రెండు మరలతో బిగిస్తారు. బిగించేముందు రేకు అడుగున ఎంత కాలుతోందో ఇంకో పరికరంతో చూడాలి. దాన్ని గురి పెడితే ఎర్ర చుక్క పడుతుంది. పట్టపగటి వెలుతురులో ఆ చుక్క కనపడి చావదు. అందుకని షాయిస్తా తలుపూ కిటికీ మూసేసి, చీకటి చేసుకుని చూసింది. సుగుణ ఇంట్లో అలా మూయగానే చంటిది గుక్కపట్టి ఏడ్చింది, వెంటనే తీసేశారు. హన్నమ్మ ఇంట్లో ఏడ్చేవాళ్ళెవరున్నారు? ఆ చీకట్లోనే పని ముగించి, ఆ చీకట్లోనే జాగ్రత్తలు చెప్పింది.

"దీనికి నేనేం చెయ్యాలండీ?"

"ఏం చెయ్యకూడదమ్మా. ఇల్లు ఇప్పుడెలా ఉందో అలాగే ఉంచండి. కప్పు మీద ఏమీ కప్పకండి. నీళ్ళు చల్లకండి. పగలు మాత్రం లోపల మనిషుండాలి. అటు సుగుణ ఉంటుంది కదా, ఇటు మీరుంటే లెక్క సమానం అవుతుంది."

"అంటే ఊరికే కూర్చోడవే నా పనా!" అని నవ్వింది హన్నమ్మ.

షాయిస్తాకి ఆవిడని చిన్నబుచ్చినట్టనిపించింది. ఏదో గౌరవంగా చెప్పాలనుకుంది. "అదేం చిన్న పని కాదమ్మా. మీ ఇల్లు సాక్షి. ఎండ ఎంతుందో మీ ఇల్లు సాక్ష్యం చెబితేనే, పక్కిల్లు చల్లబడిందని నలుగురూ నమ్ముతారు."

అయ్యో, ఆ ఒక్క మాటా అనకపోతే ఎంత బాగుండేది! హన్నమ్మ ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని ప్రార్థనకెళ్ళే మనిషి. చదువు రాదు కానీ పది ఆజ్ఞలూ నోటికొచ్చు. సాక్ష్యమంటే ఆవిడకి కోర్టు సంగతి కాదు, దేవుడి సంగతి. అబద్ధం సాక్ష్యం చెప్పకూడదంటే చెప్పకూడదంతే. "ఇప్పుడెలా ఉందో అలాగే" అన్నారు. ఇప్పుడెలా ఉంది? తలుపు మూసి ఉంది, కిటికీ మూసి ఉంది, లోపల హన్నమ్మ కూర్చుని ఉంది. షాయిస్తా బయటికి రాగానే ఆ తలుపు మళ్ళీ దగ్గరగా పడింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది కూడా. ముసలావిడ నిద్రపోతుంది కాబోలనుకుని వెళ్ళిపోయింది.

ఏప్రిల్ గడిచింది, మే వచ్చింది. డబ్బాలోని అంకెలు లాప్‌టాప్‌లోకి ఎక్కించుకోడానికి షాయిస్తా అప్పుడప్పుడూ వెళ్ళేది. కైకలూరు బస్సు, అక్కడి నుంచి ఆటో. ఎప్పుడెళ్ళినా తెల్లవారుతూనే వెళ్ళి, ఎండెక్కకముందే తిరుగుముఖం పట్టేది. ఎండ మీద పరిశోధన, ఎండలో మాత్రం అడుగు పెట్టేది కాదు! చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా? చల్లటి పొద్దున వాకిట్లో కూర్చుని హన్నమ్మ బొమ్మిడాయల పులుసు ఎలా వండాలో చెప్పేది. షాయిస్తా వినేది. ఇద్దరికీ స్నేహం కుదిరింది.

ల్యాబులో ఆ అంకెలు గీతలుగా వేసి చూసుకున్నప్పుడు శివరామయ్య గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. సుగుణ ఇంటి గీత కిందుగా, కాస్త వంకరటింకరగా ఉంది. హన్నమ్మ ఇంటి గీత ఎంత నున్నగా ఉందంటే, మిట్టమధ్యాహ్నానికి కొండలా లేచి, పొద్దుగూకేసరికి దిగి, రోజూ అచ్చు గుద్దినట్టు అదే వంపు.

"మనుషులున్న ఇంట్లో ఇంత శుభ్రమైన డేటా నా సర్వీసులో చూడలేదమ్మా" అన్నారాయన.

షాయిస్తా ఆ రోజు స్టేషను దగ్గర పావుకిలో జిలేబీ కొనుక్కుని ఇంటికెళ్ళింది.

మే మూడో వారంలో ఒక పొద్దున్న కైకలూరు దారిలో బస్సు టైరు పేలింది. బాగుచేసి బయల్దేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అంతదూరం వచ్చి వెనక్కి పోవడమెందుకని, చున్నీ తలకి చుట్టుకుని కాలనీకి నడిచింది. తెగిన చెరువుల్లో బురద పెళ్ళలుగా ఎండి బీటలు వారింది. దారిలో కుక్క కూడా లేదు.

కాలనీలో ఇళ్ళు చూసి ఆగిపోయింది. తెల్లగా మెరుస్తున్న సుగుణ కప్పు తప్ప ప్రతి రేకు మీదా కాలవలోంచి లాగిన పచ్చి గుర్రపుడెక్క దట్టంగా పరిచి ఉంది. వేసవిలో అక్కడివాళ్ళు చేసే పనే అది. గుమ్మాలకి తడి గోనెలు వేలాడుతున్నాయి. జనమంతా తలుపులు బార్లా తీసుకుని, పందిళ్ళ కింద మంచాలు వేసుకుని పడుకున్నారు. హన్నమ్మ రేకులొక్కటే బోసిగా కాలిపోతున్నాయి. తలుపు మూసుంది. కిటికీ మూసుంది.

"హన్నమ్మ గారూ!" అని తలుపు తోసింది. లోపలి వేడి మొహం మీద కొట్టింది. పొయ్యి మూత తీసినట్టుంది. గోడకి ఆనుకుని, డబ్బాకి ఎదురుగా, పీట మీద కూర్చుని ఉంది హన్నమ్మ. రవిక తడిసి ముద్దయింది. కళ్ళు సగం మూతపడి ఉన్నాయి.

"ఎవరూ... మీరాండీ? తొరగా తలుపెయ్యండమ్మా, డబ్బాకి గాలి తగుల్తాది."

షాయిస్తా ఆవిడని రెక్క పట్టుకుని పందిట్లోకి లాక్కొచ్చింది. అంత అవస్థలోనూ హన్నమ్మ వెనక్కి చెయ్యి చాచి తలుపు దగ్గరగా లాగేసింది. సుగుణ కుండలో నీళ్ళు తెచ్చి మొహాన కొట్టింది.

"మేం నెత్తీ నోరూ కొట్టుకుంటన్నావండీ" అంది సుగుణ. "ఇంటేనా? పొద్దెక్కితే తలుపేసుకుంటాది, సల్లబడితే తీత్తాది. మీరే అలా ఉండమన్నారంట కదండీ?"

"నేనా? నేను తలుపు మూయమన్నానా?" అంది షాయిస్తా. అంటూనే ఆ చీకటి గది, ఆ ఎర్ర చుక్క, ఇప్పుడెలా ఉందో అలాగే అన్న మాట, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చేసింది.

హన్నమ్మే ఓదార్చింది. "ఊరుకోండమ్మా, నాకేవయ్యిందనీ?"

"ఇవాళ్టి నుంచి తలుపులు తీసెయ్యండమ్మా. కప్పు మీద డెక్క వేయించుకోండి. మీకు దణ్ణం పెడతాను."

"తీసేత్తే అప్పుడు డబ్బా చెప్పేది నిజవవుతాదాండీ?"

షాయిస్తా చున్నీ విప్పి ఆవిడ మొహం తుడవబోయింది.

"అవ్వదు కదా! సగం దాకా ఒకలాగా, సగం నుంచి ఇంకోలాగా చెబితే ఆ సాక్ష్యం ఎవరు నమ్ముతారండీ? మీ చదువేవవుద్ది?"

"నా చదువు పోతే పోనివ్వండమ్మా" అంది షాయిస్తా. అంది కానీ, ఆ మాటలో బలం లేదు. హన్నమ్మ అన్నేళ్ళు బతికిన మనిషి, ఆ మాత్రం పోల్చుకోలేదా?

షాయిస్తా లోపలికెళ్ళి డబ్బా ముందు నిలబడింది. రెండు మరలు. స్క్రూడ్రైవరు సంచిలోనే ఉంది. తీసి ఒక మర మీద పెట్టింది కూడా. తీసేస్తే సాక్షీ లేదు, సాక్ష్యమూ లేదు, ముసలావిడ హాయిగా పందిట్లో పడుకుంటుంది. తీసేస్తే ఇన్నేళ్ళ చదువు కొల్లేట్లో కలిసినట్టే, జూన్‌లో సారు వెళ్ళిపోతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెమట కళ్ళలోకి కారుతోంది. చెయ్యి తిరగలేదు. ఎంత తిప్పుదామన్నా ఆ చెయ్యి తిరగలేదు.

బయటికొచ్చి, "తలుపు మాత్రం తీసుంచండమ్మా. నాకు మాటివ్వండి" అంది.

"అలాగేనమ్మా, తీసుంచుతాను" అంది హన్నమ్మ, ఆ పిల్ల మొహంలోకి చూడకుండా. అబద్ధమాడని మనిషి ఆడిన అబద్ధం అదొక్కటే. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు శివరామయ్య గారికి అంతా చెప్పింది. ఆయన హన్నమ్మ ఇంటి గీత ఉన్న కాగితం తీసి బల్ల మీద పరిచారు.

"మీరు మూయమనలేదు, నేనూ మూయమనలేదు. ఆవిడ పొరపాటు పడింది. కానీ ఆ పొరపాటే డేటా అయి కూర్చుందమ్మా ఇప్పుడు." ఆ కాగితం మడిచి పక్కన పెట్టారు. "ఈ పూత నిజమని తేలితే రేపు ఇలాంటి ఇళ్ళు ఎన్ని చల్లబడతాయో ఆలోచించండి. ఇంకెన్నాళ్ళు, రోహిణి కార్తె దాటేదాకా. తలుపు తీసుకోమని చెప్పారు కదా? తీసుకుంటే తీసుకుంటుంది, లేకపోతే... ఏం చేస్తామండీ."

ఏం చేస్తామండీ! ఎంత పెద్ద చదువు చదివినా చివరికి మిగిలేది ఆ ముక్కే. షాయిస్తాకి ఆయన మీద కోపం తెచ్చుకోవాలనిపించింది. రాలేదు. ఆ మాట తాను కూడా రాత్రంతా అనుకున్నదే. ఆదివారం ఎలాగైనా వెళ్ళి డబ్బా పీక్కొచ్చేయాలని గట్టిగా నిశ్చయించుకుంది. మనం చేయలేని పనులన్నీ ఆదివారానికే కదా వాయిదా వేసుకుంటాం.

ఆదివారం రాకముందే అబ్బాయిరాజు ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేశాడు. "హన్నమ్మ పడిపోయిందండీ. ఏలూరు పెద్దాసుపత్రికి తెత్తన్నావండీ" అని కట్టయిపోయింది.

పాఠం మధ్యలో వదిలేసి రైలెక్కింది షాయిస్తా. ఆసుపత్రి వరండాలో హన్నమ్మని కింద పడుకోబెట్టి, ఒంటి నిండా తడిబట్టలు కప్పారు. సుగుణ తాటాకు విసనకర్రతో విసురుతోంది. ఆ తడిబట్టల మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. డాక్టరు వచ్చి చూసి, ఆలస్యమైందన్నాడు. పొద్దుగూకేలోపు ప్రాణం పోయింది.

"మాట్లాడిందా?" అని అడిగింది షాయిస్తా.

సుగుణ ముక్కు చీదింది. "మా ఆయనా నేనూ మోసుకొత్తంటే ఒక్క మాటందండీ. తలుపెయ్యవే సుగుణా, అంది. అంతే."

వానలు పడకముందే షాయిస్తా మిగిలిన పూత డబ్బా మోసుకుని కొల్లేటికోట వెళ్ళింది. కూలీని పెట్టలేదు. నిచ్చెన వేసుకుని, చున్నీ నడుముకి బిగించుకుని, రేకుల మీదకి తనే ఎక్కి రెండు వరసలూ వేసింది. చేతులు బొబ్బలెక్కాయి. కింద సుగుణ చంటిదాన్ని ఎత్తుకుని నిలబడి చూసింది. తర్వాత షాయిస్తా లోపలికెళ్ళి గోడకున్న డబ్బా విప్పింది. రెండు మరలూ చాలా సులువుగా ఊడొచ్చాయి. గది చల్లగా ఉంది. తెల్ల పూత నిజంగానే పనిచేస్తుంది, అందులో ఏ సందేహమూ లేదు. ఆ చల్లదనంలో కూర్చునే మనిషే లేదు.

థీసిస్ రాయడానికి ఏడాది పైన పట్టింది. హన్నమ్మ ఇంటి గీతలో ఒక్క చోట, మిట్టమధ్యాహ్నం, కొండ శిఖరం మీద గొయ్యి తవ్వినట్టు వేడి ఒక్కసారిగా దిగిపోయి ఉంది. రిటైరైన శివరామయ్య గారు ఇంట్లో అరుగు మీద కూర్చుని ఆ కాగితం చూసి, "ఈ ఒక్క రోజూ తీసెయ్యండమ్మా. ఎవరూ అడగరు" అన్నారు మెల్లగా. ఆమె మంచి కోసమే అన్నారు.

"ఉండనివ్వండి సార్" అంది షాయిస్తా.

వైవా రోజున బయటి యూనివర్సిటీ నుంచి ఎగ్జామినర్ వచ్చారు. పెద్దాయన, శ్రద్ధగా చదివినట్టున్నారు. పని చాలా మెచ్చుకున్నారు. సాక్షి ఇంటి డేటా అంత నిలకడగా ఉండటం అపురూపమన్నారు. ఇక్బాల్ గారు మంచి చొక్కా వేసుకొచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు. ఎగ్జామినర్ పేజీలు తిప్పుతూ ఆ గీత దగ్గర ఆగారు.

"ఇక్కడ మధ్యాహ్నం వేడి ఇలా పడిపోయిందేవిటండీ? పరికరం చెడిందా?"

"లేదండీ. తలుపు తీశారండీ."

"అంతకుముందు పగలెప్పుడూ తీసినట్టు లేదే! ఆ రోజెందుకు తీశారు?"

"లోపలున్న మనిషిని మోసుకురావడానికండీ."

"ఓహో" అన్నారాయన. సానుభూతిగానే అన్నారు. చెడ్డవాడేం కాదు, లెక్కల మనిషి. ఆ గొయ్యి తర్వాత సాగిన గీత మీద పెన్నుతో నెమ్మదిగా తట్టారు. "అయితే ఇక్కడి నుంచి లెక్కలో ఆ వంద వాట్లు తీసేశారు కదా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. శివరామయ్య గారు కళ్ళజోడు తీసి, తలొంచుకుని తుడుచుకుంటున్నారు.

"తీసేశానండీ" అంది షాయిస్తా.